పచ్చ లైటు ఉన్నంతసేపు

లియాఖత్ చాచా సంగతి చెప్పాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఆ డబ్బా ఆయన దుకాణంలోకి వచ్చింది నా చేతుల మీదుగానే. ఆర్డర్ పెట్టింది నేను, పార్సిల్ విప్పింది నేను. అట్టపెట్టె మీద ఇంగ్లీషులో ఉన్న అబద్ధాలను తెలుగు చేసి యాకయ్యకు చదివి వినిపించిన దాన్ని కూడా నేనే.

హనుమకొండలోని ములుగు రోడ్డులో నాది జిరాక్స్, ఆన్‌లైన్ సేవల దుకాణం. పక్క షట్టర్ చాచాది. ఆయన బండ్ల కరెంటు పని చేస్తాడు. కారు, జీపు, ఆటో, వైరు ఉన్న ఏ బండినైనా ముట్టుకుంటాడు కానీ ఇంజన్ జోలికి మాత్రం పోడు. ఇంజన్ ఉప్పలయ్యది, కరెంటు నాది అంటాడు. ఉప్పలయ్య మెకానిక్, రోడ్డుకు అవతలి పక్క ఉంటాడు. ఇద్దరూ ఒకరి హద్దు ఒకరు దాటకుండా ఇన్నేళ్లు గడిపేశారు.

చాచా ఇల్లు కొత్తవాడలో. వాళ్ల నాన్న జంపఖానాల నూలుకు రంగులద్దేవాడట. కొడుకుకు రంగులు అబ్బలేదు, రాగి తీగ అబ్బింది. పదహారేళ్ల వయసులో మోటర్ వైండింగ్ షాపులో చేరాడు. రైతులు ఎడ్లబండ్లలో, ట్రాలీల్లో కాలిపోయిన బావి మోటర్లు తెచ్చి పడేసేవాళ్లు. కాలిన తీగ పీకి కొత్త తీగ చుట్టడం ఆయన పని. ఇరవై ఏళ్లు అదే చేశాడు. ఆ సన్న తీగను చూసి చూసి కళ్లు మొరాయించాక కార్ల వైరింగులోకి దిగాడు.

ఆయనకు ఒక అలవాటుంది. బండి ఏ పనికి వచ్చినా, ఒక్క బల్బు మార్చడానికి వచ్చినా సరే, ముందు బానెట్ ఎత్తుతాడు. బ్యాటరీకి వైర్లు తగిలించే బిళ్లల మీద పేరుకున్న తెల్ల బూజును వేడినీళ్లు పోసి కడుగుతాడు. ఇనుప బ్రష్‌తో రుద్దుతాడు, వ్యాసలిన్ రాస్తాడు. ఆ తర్వాత ఇంజన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ వైరు వదులైందేమో చూసి బిగిస్తాడు. తెగేలా ఉంటే కొత్తది వేస్తాడు. ఇదంతా చేసి బండి యజమానికి ఒక్క ముక్క కూడా చెప్పడు. పెళ్లికూతురికి మెహందీ పెట్టినంత ముచ్చటగా బ్యాటరీకి వ్యాసలిన్ పెడతాడని, ఆ సంగతి బయటికి చెప్పుకోవడం మాత్రం చేతకాదని ఆయన భార్య సుల్తానా చాచీ వెక్కిరిస్తుంది. చెప్పుకోకపోవడం మంచితనమని నేనూ అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోవడం లేదు.

యాకయ్యది ములుగు దాటాక అడవి అంచున ఒక ఊరు. ఒకప్పుడు బోరుబావి కింద వ్యవసాయం చేసేవాడు. లో వోల్టేజీకి ఆయన మోటర్ మూడుసార్లు కాలింది. ఆ కాలిన మోటర్లకు తీగ చుట్టింది చాచాయే, అలా పరిచయం. బావి దగ్గర స్టార్టర్ డబ్బాకు పచ్చ లైటు ఉంటుంది. అది వెలిగితే కరెంటు సమంగా ఉన్నట్టు, మోటర్ వేయొచ్చు. వెలగకుండా వేస్తే కాలిపోతుంది. మూడోసారి, పైరు ఎండిపోతుంటే చూడలేక, లైటు లేకున్నా మోటర్ వేశాడు యాకయ్య. మోటర్ కాలింది, పైరు ఎండింది. ఆ తర్వాత బోరే ఎండిపోయింది. వ్యవసాయానికి దండం పెట్టి ఒక పాత డీజిల్ జీపు కొనుక్కున్నాడు.

ఊరి నుంచి ములుగు, ములుగు నుంచి హనుమకొండ, ఇదీ జీపు దారి. ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోసే కూలీలను అడవిలోకి తీసుకుపోయి తీసుకొస్తాడు. భార్య సమ్మమ్మ కూడా ఆకు కోతకు పోతుంది. కోత జరిగే నెలన్నరా నడిచిన జీపు మీదే మిగతా ఏడాదంతా ఆ ఇల్లు నడవాలి. జీపు తప్ప వాళ్లకు వేరే ఆధారం లేదు.

ఆ జీపుకు కిందటి చలికాలంలో పికప్ తగ్గింది. ఎత్తు ఎక్కేటప్పుడు మూలుగుతోందట. స్టెబిలైజర్ అని ఒక డబ్బా వచ్చిందని, బ్యాటరీకి తగిలిస్తే ముసలి బండి కూడా పరుగెత్తుతుందని జీపు స్టాండులో ఎవరో చెప్పారు. వేరే వాళ్లయితే నవ్వి ఊరుకునేవాళ్లేమో. స్టెబిలైజర్ అన్న మాట వినగానే యాకయ్యకు ప్రాణం లేచొచ్చింది. బావి దగ్గర అదొక్కటి ఉండి ఉంటే తన మోటర్ దక్కేదని ఆయన నమ్మకం. నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ఫోన్‌లో బొమ్మ చూపించాడు. తెప్పించాను.

పెట్టె మీద రాసింది చదవమన్నాడు. చదివాను. పికప్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది, ఇంజన్ ఆయుష్షు పెరుగుతుంది. ఇంజన్‌కు మంచిదని నిజంగానే రాసి ఉందా అని రెండోసారి అడిగాడు. రాసి ఉంది కాబట్టి ఉందన్నాను. అదేమిటో నాకు తెలుసా? తెలియదు. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు. నా డిగ్రీ ఆ రోజు ఆ పనికి పనికొచ్చింది.

చాచా ఆ డబ్బా మూత విప్పి మా ఇద్దరికీ చూపించాడు. లోపల సీసా బిరడాలంత కండెన్సర్లు నాలుగు, గోరంత బోర్డు, రెండు వైర్లు. డ్యాష్‌బోర్డు మీద అతికించుకోవడానికి అంకెలు చూపించే చిన్న అద్దం, దాని పక్కన పచ్చ లైటు. బండిలో బ్యాటరీయే పెద్ద స్టెబిలైజర్ అని, దాని పక్కన దీన్ని పెట్టడం చెరువు పక్కన చెంబు పెట్టడమేనని చెప్పాడు. పైగా యాకయ్యది పాత డీజిల్ బండి, ఒకసారి స్టార్టయ్యాక ఆ ఇంజన్‌కు కరెంటుతో పనే లేదు. పికప్ కావాలంటే ఉప్పలయ్య దగ్గరికి పోయి డీజిల్ ఫిల్టరు, రేడియేటరు చూపించుకోమన్నాడు. అంత వివరంగా ఆయన మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

యాకయ్య శ్రద్ధగా విన్నాడు. అంతా అయ్యాక, పెట్టు భాయ్ అన్నాడు.

పెట్టనంటే యాకయ్య ఇంటికి పోడు. నాలుగు దుకాణాల అవతల ఇంకో చోటికి పోతాడు. వాళ్లు ఫ్యూజు లేకుండా వైరు కలిపి పంపిస్తారు, ఏదో ఒకరోజు బండికి నిప్పంటుకుంటుంది. ఇలా ఆలోచించే చాచా ఆ పని ఒప్పుకున్నాడు. అలవాటు ప్రకారం వేడినీళ్లు పోశాడు, బూజు కడిగాడు, వ్యాసలిన్ రాశాడు. ఎర్త్ వైరు సగం తెగి ఉంటే కొత్తది వేశాడు. తర్వాత డబ్బా తగిలించి, దానికి ఫ్యూజు పెట్టి, డ్యాష్‌బోర్డు కింద పడుకుని లైటు వైరు లాగుతున్నాడు. అప్పుడు నేను చాయ్ తీసుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

"భాయ్, గీ పచ్చ లైటు ఉన్నంతసేపు మోటర్ కాలదు గదా?" అని యాకయ్య అడిగాడు.

"లైటు ఉన్నంతసేపు మోటర్‌కు ఏం గాదు. ఫికర్ చెయ్యకు," అన్నాడు చాచా, పళ్ల మధ్య టేపు పట్టుకుని.

అంతే జరిగింది. చాచా పనిలో మోటర్ అంటే సెల్ఫ్ మోటర్, బండిని స్టార్ట్ చేసే చిన్న మోటర్. బ్యాటరీ డౌనై ఉన్నప్పుడు తాళం పట్టుకుని అదే పనిగా తిప్పితే అది కాలుతుంది. వోల్టేజీ బాగుంటే కాలదు. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. యాకయ్య జీవితంలో మోటర్ ఒక్కటే, ఇల్లు గడిపేది, కాలిపోతే ఇల్లు ఆగిపోయేది. బావి దగ్గర అది నీళ్లు తోడింది, ఇప్పుడు జీపు లోపల కూర్చుని జనాన్ని మోస్తోంది. ఇద్దరూ ఒకే మాట అన్నారు, ఇద్దరికీ నిమ్మళమైంది. నాకూ ఏమీ తోచలేదు. చాయ్ చల్లారుతోందని తొందర పెట్టాను.

మర్నాడు యాకయ్య ఫోన్ చేశాడు. జీపు తాళం తిప్పీ తిప్పకముందే స్టార్టవుతోందట. హెడ్‌లైట్లు పట్టపగలులా ఉన్నాయట. పికప్ కూడా వచ్చిందట. మొదటి రెండూ నిజం. అవి వేడినీళ్లు, ఎర్త్ వైరు చేసిన పనులు. మూడోది ఆయన మనసుకు వచ్చిన పికప్. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు పేరంతా డబ్బాకు పోయింది.

వారం తిరక్కుండా ములుగు స్టాండులోని జీపులు ఒక్కొక్కటే మా దుకాణాల ముందు ఆగడం మొదలైంది. చాచా వచ్చినవాళ్లందరికీ డబ్బా వద్దనే చెప్పాడు. ఎంత వద్దంటే వాళ్లకు అంత నమ్మకం కుదిరింది. ముసలాయన నిజాయితీపరుడు కాబట్టి వద్దంటున్నాడని కొందరు, మంచి సరుకు యాకయ్యకే ఇచ్చి మనకు లేదంటున్నాడని కొందరు. చివరికి నాతో ఒక కాగితం టైపు చేయించి గోడకు అతికించాడు, స్టెబిలైజర్ వల్ల ఇంజన్‌కు పికప్ పెరగదు అని పెద్ద అక్షరాలతో. జనం దాని కిందే నిలబడి, దాన్నే చదివి, గది సరే గని పెట్టు చాచా అనేవాళ్లు. ఆయన పెట్టేవాడు. పెట్టే ముందు కడిగేవాడు. కడిగినందుకు ఆ బండీ బాగా నడిచేది. అది ఇంకో నలుగురిని తెచ్చేది. కడగడం మానెయ్యి చాచా, వీళ్ల పిచ్చి వదులుతుంది అని ఒకరోజు విసుక్కున్నాను. బూజు కళ్లకు కనబడుతుంటే ఎట్ల వదిలేస్తాను బేటీ అన్నాడు. అడిగిన వాళ్లందరికీ డబ్బాలు ఆర్డర్ పెడుతున్న నాకు ఆయన్ను విసుక్కునే హక్కు ఎక్కడిదో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది.

మే నెలలో తునికాకు మొదలైంది. యాకయ్య తెల్లవారుజామునే కూలీలను ఎక్కించుకుని అడవికి పోయేవాడు, ఎండెక్కాక తీసుకొచ్చేవాడు. రెండో వారంలో ఒకరోజు తాడ్వాయి దాటి ఎత్తు ఎక్కుతుంటే రేడియేటర్ గొట్టం పగిలింది. నీళ్లన్నీ కారిపోయాయి. ఇంజన్ వేడి చూపించే సూది ఎర్రగీత దగ్గరికి పోయింది, దాటింది. ముందు సీటులో కూర్చున్న సమ్మమ్మకు మాడు వాసన తగిలింది. ఆపమంది. యాకయ్య పచ్చ లైటు చూపించాడు. లైటు నిమ్మళంగా వెలుగుతోంది. వెనక పదిమంది ఆడవాళ్లు, ఎండ మండిపోతోంది, ఊరు ఇంకా దూరం. పోనిచ్చాడు. ఇంకో రెండు కిలోమీటర్లు పోయాక ఇంజన్ లోపల ఏదో పట్టేసినట్టై జీపు ఆగిపోయింది. మళ్లీ తిరగలేదు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆకు మోపులు నెత్తిన పెట్టుకుని అందరూ నడిచిపోయారు.

ట్రాక్టరుకు కట్టి జీపును ఉప్పలయ్య షెడ్డుకు తెచ్చారు. ఉప్పలయ్య ఇంజన్ విప్పి చూసి, చేతులు తుడుచుకుని, పాత సామాను కింద అమ్ముకోవడం తప్ప చేసేదేమీ లేదన్నాడు. సమ్మమ్మ జీపు పక్కన నేల మీద కూలబడింది. ఏడవలేదు. నీళ్లిస్తే తాగలేదు.

చాచా రోడ్డు దాటి వచ్చాడు, నేనూ వెనకే పోయాను. జీపులోకి వంగి తాళం తిప్పాడు. పచ్చ లైటు వెలిగింది. ఇంజన్ చచ్చింది కానీ బ్యాటరీకేం కాలేదు కదా. సూది ఎర్రగీత దాటితే చూసుకోలేదా అని యాకయ్యను అడిగాడు.

"లైటు ఉండె గద భాయ్. లైటు ఉన్నంతసేపు మోటర్ కాలదని నువ్వే అంటివి," అన్నాడు యాకయ్య.

నిందలా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. తిట్టి ఉంటే బాగుండేదని నాకనిపించింది. చాచా తాళం అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నేనన్నది సెల్ఫ్ మోటర్ యాకయ్యా అన్నాడు. అది చాలా చిన్న గొంతుతో అన్నాడు, యాకయ్యకు వినబడిందో లేదో. యాకయ్య ఆయన భుజం మీద చెయ్యి వేసి, నువ్వేం చేస్తావు భాయ్, లైటు మంచిగనే చెప్పింది, నా బండే ముసలిది అని ఓదార్చాడు.

ఆ మధ్యాహ్నం చాచా అన్నం తినలేదు. నా దుకాణంలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఇరవై ఏండ్లు వైండింగ్ చేసిన బేటీ. రైతు మోటర్ అంటే ఏందో నాకెరుక లేదా?"

నేను చదివి వినిపించిన అట్టపెట్టెదే తప్పన్నాను. కాదన్నాడు. తప్పు నాదంటే నాదని ఇద్దరం వాదించుకున్నాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. మేమెంత వాదించుకున్నా యాకయ్య జీపు లేవదు.

ఆ మర్నాటి నుంచి చాచా డబ్బాలు పెట్టడం మానేశాడు. అంతకుముందు పెట్టించుకున్న వాళ్లందరికీ నా చేత ఫోన్లు చేయించాడు, వచ్చి తీయించుకుపొమ్మని, లేదంటే కనీసం సూది చూసుకుంటూ నడపమని. ఒక్కడూ రాలేదు. యాకయ్యకు వచ్చింది నకిలీ సరుకట, తమది అసలుదట. నాలుగు దుకాణాల అవతలి వాడు స్టెబిలైజర్ అని పెద్ద ఫ్లెక్సీ కట్టాడు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు పెద్దలు. ఎక్కడ తెలుస్తుందో ఆ పెద్దలు వచ్చి చూపిస్తే చూస్తాను.

వానలు మొదలయ్యాక యాకయ్య మళ్లీ వచ్చాడు. హనుమకొండలో రాజేశ్వర్ రావు అనే కాంట్రాక్టర్ దగ్గర డ్రైవర్‌గా కుదిరాడట. వచ్చింది ఆయన కారులోనే, అదీ పాతదే. ముఖం పీక్కుపోయింది కానీ చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. భుజం మీది తువ్వాలలో ఏదో మూట కట్టుకొచ్చాడు. విప్పితే జీపులోంచి తీసి దాచుకున్న డబ్బా, చిన్న అద్దం, పచ్చ లైటు. సారు ఒప్పుకున్నాడట. దీన్ని ఈ బండికి పెట్టమన్నాడు యాకయ్య.

చాచా పెట్టనన్నాడు. ఈసారి గొంతు తగ్గించలేదు. నీ జీపును చంపింది నా మాటేనని, ఈ లైటుకు బ్యాటరీ తప్ప ఇంజన్ సంగతి ఏమీ తెలియదని, ఇది ఎన్నిసార్లు వెలిగినా ఇంజన్ కాలొచ్చని రోడ్డు మీద అందరూ వినేలా చెప్పాడు. యాకయ్య నవ్వాడు. నువ్వు ఇట్లంటావని సమ్మమ్మ ముందే చెప్పింది, పెద్ద మనసున్నోళ్లు తప్పు మీదేసుకుంటారని అందట. చాచా నా వైపు చూశాడు. అట్టపెట్టె మీద రాసిందంతా అబద్ధం, అన్నా అని నేను చెప్పాను. అచ్చు వేసినోళ్లు అబద్ధం ఎందుకేస్తారు చెల్లె అని నన్నే అడిగాడు.

"లైటు లేకుంటే స్టీరింగ్ మీద చెయ్యి వణుకుతాంది భాయ్. జర పెట్టు. నువ్వు పెట్టకుంటే అవుతల పెట్టించుకుంట," అన్నాడు యాకయ్య.

చాచా లేచాడు. నీళ్ల కెటిల్ స్విచ్ వేశాడు. బ్యాటరీ బిళ్లలు కడిగాడు, వ్యాసలిన్ రాశాడు, ఫ్యూజు పెట్టి డబ్బా తగిలించాడు. పని అయ్యాక పక్క సీటులో ఎక్కి కూర్చుని, యాకయ్య వేలు పట్టుకుని వేడి చూపించే సూది మీద పెట్టాడు. చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు ఆ సూది తిరిగే గీత వెంబడి ఆ వేలు జరిపించాడు. ఇది ఎర్రగీత దగ్గరికి పోతే బండి పక్కకు తీసి ఆపాలి. సారు తిట్టినా ఆపాలి. అర్థమైందా అని అడిగాడు. యాకయ్య తలూపాడు.

"ఎర్రగీత దాటితే ఏం జేస్తవు?"

"ఆపుత."

"లైటు పచ్చగనే ఉంటే?"

యాకయ్య సూదిని చూశాడు, లైటును చూశాడు. చాచాను బాధపెట్టకుండా జవాబు చెప్పాలని నిజంగానే ఆలోచించాడు.

"లైటు పచ్చగ ఉంటే సూది ఎందుకు దాటుతది భాయ్?"

చాచా ఆయన వేలు వదలకుండా మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.